గంట ఉందిగా

వార్డు నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా ఆమె సింకు దగ్గర నిలబడి చేతులు కడుగుతోంది. కడిగినవే మళ్లీ కడుగుతోంది. అతను స్టవ్ మీద పాలు పెట్టి, ఆమె వీపు వంకే చూస్తున్నాడు.

"పెద్దక్కను ఇంటికి పంపేశారు," అంది, వెనక్కి తిరక్కుండా.

"పంపేశారంటే?"

"సస్పెండ్. విచారణ అయ్యేదాకా వార్డులో అడుగుపెట్టకూడదట. మెడలో కార్డు అందరి ముందూ తీయించారు. తాడు జుట్టుకు చిక్కుకుంటే నేనే విడదీశాను."

పెద్దక్క ఆమె వార్డులో సీనియర్ నర్సు. చుట్టరికం ఏమీ లేదు. భార్య అక్కా అంటుంది కాబట్టి అతను వదినా అంటాడు. ఆవిడ కనిపించినప్పుడల్లా "ఏం మరిదిగారూ, మా చెల్లెలికి వంట చేసి పెడుతున్నారా, లేక కంప్యూటరే తినిపిస్తున్నారా?" అని ఏడిపిస్తుంది.

"ఏం జరిగింది?"

"కిటికీ పక్క బెడ్ పెద్దాయనకి ఆక్సిజన్ గొట్టం ఊడిపోయింది. అదే టైములో ఈ చివర, మెడకి ఆపరేషనైన ఆయనకి కుట్టు విడిపోయి రక్తం చిమ్మింది. అక్క తెర వెనక ఆయన మెడ ఒత్తి పట్టుకుని ఉంది. డాక్టరొచ్చి ఆయన్ని అందుకునేసరికి అక్కడ పెద్దాయన నీలమైపోయాడు. గుండె మళ్లీ కొట్టుకుంది గానీ, కళ్లు తెరవలేదు."

"కౌంటర్లో గంట మోగుతుంది కదా?"

"మోగలేదు. మోగిందంటున్నారు పైవాళ్లు. బెడ్ దగ్గర మెషీన్ కబురు పంపినట్టు రికార్డుందట. పంపింది కాబట్టి మోగిందట, మోగింది కాబట్టి అక్క పట్టించుకోలేదట. ఎంత చక్కగా అల్లారో చూడు."

అతను స్టవ్ ఆపేశాడు. పాలింకా కాగలేదు.

"కౌంటరు మీద నల్ల పెట్టె ఉంటుంది చూడు. దానికి ఈమధ్య ఏమైనా చేశారా?"

"పోయిన వారం ఎవరో కుర్రాళ్లొచ్చి ఆపి, మళ్లీ ఆన్ చేసి పోయారు. అప్‌డేట్ అన్నారు. ఎందుకు?" అని ఇటు తిరిగింది. అతని ముఖం చూసి చేతులు తుడుచుకోవడం మానేసింది. "అది మీ కంపెనీదా?"

"పెట్టె మాది కాదు. లోపల నడిచేది మాది."

*

ఆఫీసులో అతన్ని గేట్‌మన్ అంటారు. కంప్యూటరుకు గుండెకాయలాంటి భాగం ఒకటుంటుంది, కెర్నెల్ అని. బయటివాళ్లు రాసిన చిన్న ప్రోగ్రాములు అందులో చేరి పనిచేయాలంటే ముందు తనిఖీ దాటాలి. ఆ తనిఖీ, ప్రోగ్రామును నడపకుండానే వరస వరసా చదువుతుంది. ఏ దారిన పోయినా ఇది తనది కాని జాగాలో చెయ్యి పెట్టదని రుజువైతేనే లోపలికి రానిస్తుంది. ఏ కాస్త అనుమానం వచ్చినా గుమ్మంలోనే ఆపేస్తుంది. పెళ్లైన కొత్తలో ఆ తనిఖీ పనిలో చేరినవాడు, ఇప్పటికీ అదే గుమ్మం కాస్తున్నాడు.

ల్యాబ్‌లో అలాంటి నల్ల పెట్టె ఒకటుంది. మర్నాడు అందరికంటే ముందు వెళ్లి, ఆసుపత్రులకు పంపిన కొత్త వెర్షన్ అందులో ఎక్కించాడు. గంట కొట్టే ప్రోగ్రాము చాలా చిన్నది. బెడ్ నంబరు తీసుకుంటుంది, అది పట్టిక దాటలేదు కదా అని తనే సరిచూసుకుంటుంది, పట్టికలో ఆ బెడ్ వరస చూసి గంట మోగిస్తుంది. ఏళ్ల తరబడి ఏ పేచీ లేకుండా నడిచింది.

దాన్ని పెట్టెలోకి పంపాడు. తనిఖీ తిప్పికొట్టింది. 'ఈ నంబరు ఎంతైనా కావచ్చు, అనుమతి లేదు.'

మళ్లీ పంపాడు. మళ్లీ అదే. పెట్టె మాత్రం పచ్చలైటు వెలిగించుకుని, మిగతా పనులన్నీ చేసుకుంటూ, బుద్ధిగా కూర్చుంది. కబురు వస్తుంది, రికార్డవుతుంది. గంట కొట్టేవాడే లోపల లేడు.

కుర్చీలో కూలబడి భార్యకు ఫోన్ చేశాడు. "గంటను నమ్మకండి. వార్డులో అందరికీ చెప్పు. ఎవరో ఒకరు బెడ్ల దగ్గరే నిలబడండి."

"ఎన్నాళ్లు?"

"తెలీదు."

"సరే," అంది. ఆ ఒక్కమాటలో ఆమె కాళ్ల నొప్పులన్నీ వినిపించాయి.

టీమ్ లీడ్ వచ్చేసరికి అతను తెర మీద తిరస్కరణ అలాగే ఉంచాడు. ఆవిడ అతనికంటే కాస్త పెద్దది, మాట తక్కువ మనిషి. నిలబడే చదివింది. చదివి, బ్యాగు కింద పెట్టింది.

"తనిఖీ వేగంగా జరగాలని పోయిన నెల మార్పు పెట్టింది నేనే," అంది. "అప్పట్నించేనా?"

"అప్పట్నించే."

పై అంతస్తు నుంచి డైరెక్టరును పిలిచారు. ఆయన చక్కగా విన్నాడు. తల పంకించాడు. "ఆ ఒక్క ప్రోగ్రాముకీ తనిఖీ లేకుండా దారి వదిలేయండి. ఇవాళే పంపేద్దాం," అన్నాడు.

"పేరు చూసి వదిలితే, ఆ పేరు పెట్టుకుని ఎవడైనా దూరతాడు సార్. ఈ పెట్టెలు మందులెక్కించే పంపుల దగ్గర కూడా ఉన్నాయి."

"మరెంతసేపు పడుతుంది?"

"చూడాలి."

"చూడండి. సరిచేశాక అందరికీ ఒకేసారి చెబుదాం. సగం సగం వార్తలు పోతే జనం హడలిపోతారు."

"ఇప్పుడు హడలిపోవాలి సార్," అన్నాడు అతను. "ఆసుపత్రుల్లో గంటలు మోగడం లేదు."

డైరెక్టరు గడియారం చూసుకున్నాడు. "లీగల్ వాళ్లతో మాట్లాడి చెబుతాను," అని వెళ్లిపోయాడు.

*

తప్పు దొరకలేదు. తనిఖీ తిప్పికొట్టేది చివరి వరసలో. నంబరు హద్దు మరిచిపోయింది ఇంకెక్కడో. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, ఒక్కో వరస దగ్గరా ఆపి ఆ నంబరు గురించి తనిఖీకి ఏం తెలుసో అచ్చు వేయించి చూశాడు. కాగితాలు బల్ల నిండి నేలమీదికి దిగాయి. మధ్యాహ్నం తిండి మాట మరిచాడు.

ఇంటికెళితే భార్య అప్పుడే వచ్చి కాళ్లు గోడకు ఎత్తిపెట్టి నేలమీద పడుకుని ఉంది. చీలమండలు వాచిపోయాయి.

"తప్పు దొరికిందా?" అంది కళ్లు మూసుకునే.

"దొరకలేదు."

"మేం బెడ్ల మధ్య పచార్లు చేస్తుంటే మేనేజరు వచ్చి, ఏమిటీ కవాతు, ఎవరు చెప్పారు గంట మోగదని, అన్నాడు. మా ఆయన చెప్పాడంటే నవ్వాడు. నీకు మా ఆసుపత్రిలో పరపతి లేదు."

అతను పక్కన కూర్చుని ఆమె పాదాలు ఒత్తాడు.

"అక్క ఫోన్ సరిగా ఎత్తడం లేదు," అంది కొంతసేపటికి. "ఎత్తితే ఒకటే మాట. పెద్దాయన కళ్లు తెరిచాడా? లేదంటే పెట్టేస్తుంది."

మర్నాటికి ఒక కొస దొరికింది. సంఖ్య దాచుకునే గడికి రెండు సగాలుంటాయి. గంట ప్రోగ్రాము కింది సగాన్ని మాత్రమే సరిచూసుకుంటోంది. ఆ సగానికి హద్దు ఉందని తనిఖీకి తెలుస్తోంది. మొత్తం గడికి మాత్రం హద్దు తెలియడం లేదు. అంతే కదా అనుకున్నాడు. కింది సగం హద్దునే మొత్తానికీ రాసేశాడు. పంపాడు. తనిఖీ దాటింది. ల్యాబ్‌లో నలుగురూ చప్పట్లు కొట్టారు. డైరెక్టరుకు కబురు చేయడానికి ఒకడు ఫోన్ కూడా తీశాడు.

"ఆగు," అన్నాడు అతను.

గేటు కాసేవాడికి దొంగ ఎటునుంచి వస్తాడన్న యావ ఎలాగూ పోదు. తనే ఒక దొంగ ప్రోగ్రాము రాశాడు. కింది సగంలో చిన్న నంబరు, పై సగంలో చెత్త. పంపాడు. తనిఖీ దాన్ని కూడా మర్యాదగా లోపలికి రానిచ్చింది. పెట్టె ఒక్క క్షణం ఆగి, బిగుసుకుపోయింది. పచ్చలైటు ఆరిపోయింది.

ఫోన్ తీసినవాడు జేబులో పెట్టేసుకున్నాడు. అతను లేచి బాత్రూంకు వెళ్లి, కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో నిలబడ్డాడు. అద్దంలో ముఖం చూసుకోబుద్ధి కాలేదు. ఏదో ఒక వార్డులో ఈపాటికి ఇంకో గొట్టం ఊడిపోయి ఉండవచ్చు. అక్కడి నర్సుకు ఫోన్ చేసి చెప్పే గేట్‌మన్ మొగుడు ఉండడు.

బయటికి వచ్చేసరికి లీడ్ అతని కుర్చీలో కూర్చుని ఉంది. నేలమీది కాగితాలు ఏరి వరసగా పేర్చింది.

"నేను చదువుతాను, నువ్వు చెప్పు," అంది. "పై సగం సున్నా అని ఎక్కడ తెలుస్తోంది?"

"నంబరు చదివినప్పుడే. చిన్న సంఖ్య చదివితే పై భాగమంతా సున్నాయే."

"తర్వాత?"

"పాత బెడ్లయితే ఒక దారి, కొత్త బెడ్లయితే ఇంకో దారి. రెంటిలోనూ సున్నాయే."

"రెండూ కలిసేచోట?"

అతను వంగి చూశాడు. ఆవిడ వేలు అక్కడే ఆగి ఉంది. రెండు దారులు కలిసేచోట, రెంటికీ తెలిసిన సంగతిని కొత్త తనిఖీ తొందరలో చెరిపేస్తోంది. అటూ సున్నాయే, ఇటూ సున్నాయే, కలిశాక 'తెలియదు'.

"ఒక దారిలో సున్నా అయి, రెండో దారిలో కాకపోతే మరిచిపోవాల్సిందే," అంది ఆవిడ నెమ్మదిగా. "రెంటిలోనూ అయితే మరిచిపోకూడదు. పోల్చి చూడ్డం దండగని నేనే తీసేశాను." ఆవిడ వేలు కాగితం మీది నుంచి లేవలేదు.

నాలుగు వరసలు. ఆ నాలుగు వరసలూ అతను రాశాడు, ఆవిడ పక్కన కూర్చుని ప్రతి అక్షరానికీ అడ్డుపడింది. దొంగ ప్రోగ్రాము పంపారు. గుమ్మంలో ఆగింది. ఇంకా రకరకాల దొంగల్ని తయారుచేసి పంపారు. ఒక్కటీ దాటలేదు. చివరికి గంట ప్రోగ్రాము పంపి, పరీక్ష కోసం పెట్టెకు తగిలించిన బెడ్ మెషీన్ వైరు పీకాడు.

గంట మోగింది.

అంత చిన్న పెట్టెలో అంత గొంతుందని ఎవరికీ తెలియదు. అద్దాలు అదిరాయి. పక్క గదిలోంచి జనం పరిగెత్తుకొచ్చారు. ఎవరో ఆపమన్నారు. లీడ్ చెయ్యి అడ్డం పెట్టింది. చాలాసేపు దాన్ని అలాగే మోగనిచ్చింది.

*

కొత్త వెర్షన్‌తో పాటు పంపే నోట్ డైరెక్టరు గది నుంచి తయారై వచ్చింది. 'తనిఖీలో చిన్న మెరుగుదలలు. వీలున్నప్పుడు ఎక్కించుకోగలరు.'

"వీలున్నప్పుడా?" అన్నాడు అతను. "ఇది చూసి ఎవడు ఎక్కించుకుంటాడు సార్?"

"నోట్ సంగతి మీకు సంబంధించింది కాదు."

"రేపు మా ఆవిడ ఆసుపత్రిలో విచారణ ఉంది. ఒక సిస్టర్ ఉద్యోగం పోతోంది. గంట మోగలేదని ఒక్క కాగితం ఇవ్వండి."

"కాగితం ఇస్తే ఒక్క ఆసుపత్రితో ఆగదు. మీరు కూడా ఎక్కడా నోరు విప్పడానికి వీల్లేదు. చేరేటప్పుడు సంతకం పెట్టారు, గుర్తుందా?"

గుర్తుంది. కిందికి వచ్చి ల్యాబ్‌లో ఊరికే నిలబడ్డాడు. లీడ్ తాళాలు సర్దుకుంటోంది. ఆవిడకు అంతా తెలుసు. ఆ మాటలు జరిగినంతసేపూ అక్కడే, నోరు మెదపకుండా కూర్చుంది.

"నాకు అంత ధైర్యం లేదు," అంది అతని వంక చూడకుండా. "కానీ రేపు ఈ పెట్టె ఇక్కడ కనిపించకపోతే నేను వెతకను."

ల్యాబ్ తలుపు తెరిచే ఉంచి వెళ్లిపోయింది.

*

విచారణ గదిలో పొడుగాటి బల్ల, దానికి అటువైపు ముగ్గురు. మధ్యలో పెద్ద డాక్టరు, కుడిపక్క మేనేజరు, ఎడమపక్క రాసుకునే గుమస్తా. ఇటువైపు ఒంటరి కుర్చీలో పెద్దక్క. ఎప్పుడూ తెల్ల యూనిఫాంలో చూసిన మనిషి. ఇంటిచీరలో ఎవరో పేషెంటు తాలూకు బంధువులా కనిపించింది. గోడవార అతని భార్య, డ్యూటీ మధ్యలో వచ్చి నిలబడింది.

అతను కూరగాయల సంచిలోంచి పెట్టె తీసి బల్లమీద పెట్టాడు. మేనేజరు కనుబొమలు ముడిచాడు.

"మీరెవరు?"

"దీని లోపలిది చేసే కంపెనీలో పనిచేస్తాను."

"కంపెనీ పంపిందా?"

"లేదు సార్."

పెద్ద డాక్టరు కళ్లజోడు సవరించుకున్నాడు. "పంపకుండా వచ్చారని మీవాళ్లకి తెలుసా?"

"సాయంత్రానికి తెలుస్తుంది సార్."

ముందు, బెడ్ మెషీన్ ఒకటి దానికి తగిలించి, ఆసుపత్రిలో ఉన్న వెర్షన్‌తో చూపించాడు. వైరు పీకాడు. 'కబురు అందింది' అని పెట్టె తెరమీద వచ్చింది. రికార్డులో చేరింది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత సరిచేసిన వెర్షన్ ఎక్కించాడు. మళ్లీ వైరు పీకాడు. గంట మోగడంతో గుమస్తా చేతిలో పెన్ను జారి కిందపడింది.

ఎలా జరిగిందో అతను చెప్పాడు. సగాల గొడవ డాక్టరుకు ఎంతవరకు అర్థమైందో తెలియదు. "అంటే గంట కొట్టాల్సినవాణ్ణి గుమ్మంలోనే ఆపేశారు, ఆ సంగతి ఇంట్లోవాళ్లకి చెప్పలేదు, అంతేగా?" అన్నాడు.

"అంతే సార్."

మేనేజరు ముఖం విప్పారింది. "ఇంకేం సార్, తేలిపోయింది. మెషీన్ తప్పు. మనవాళ్ల తప్పేం లేదు. కంపెనీకి నోటీసిద్దాం. సిస్టర్, మీరు రేపట్నించి డ్యూటీలో చేరిపోవచ్చు." ఫైలు మూసి, దారం చుట్టడం మొదలుపెట్టాడు.

అతనికి ఒళ్లంతా తేలికైపోయింది. భార్య వైపు చూశాడు. ఆమె పెద్దక్కను చూస్తోంది.

పెద్దక్క లేచి నిలబడింది. "నేను విన్నాను సార్," అంది.

మేనేజరు దారం ఆపాడు. "ఏం విన్నారు?"

"బెడ్ దగ్గర మెషీన్ చిన్నగా కూస్తుంది కదా. అది విన్నాను. తెర వెనక్కి వినిపించింది."

"అక్కా!" అంది గోడ దగ్గర నుంచి భార్య.

పెద్దక్క చెయ్యెత్తి ఆగమంది. "అవి రోజంతా కూస్తూనే ఉంటాయి. వేలి క్లిప్పు జారినా కూస్తాయి. పెద్ద గంట మోగలేదు కదా, క్లిప్పే అయ్యుంటుంది అనుకున్నాను. నా చెయ్యి ఆయన మెడమీద ఉంది. తీస్తే ఆయన పోతాడు. ఎవరైనా రండమ్మా అని కేకేశాను. మళ్లీ కేకేశాను. ఆ కూత అట్లా వింటూనే ఉన్నాను సార్."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు డాక్టరు.

"చెబితే అదొక్కటే రాసుకుంటారు. గంట సంగతి ఎవరూ చూడరు. పక్క వార్డుల్లో ఇంకా ఎంతమందో ఆ గంటనే నమ్ముకుని ఉన్నారు. అది తేలేదాకా నోరు మూసుకున్నాను. మరిదిగారు తేల్చారు. ఇక నాది నేను చెప్పాలి."

గుమస్తా కిందపడిన పెన్ను తీసుకున్నాడు గానీ రాయలేదు. మేనేజరు దగ్గాడు. "సిస్టర్, ఇదంతా ఇప్పుడు అవసరమా? అంతా సర్దుకుపోయింది..."

"మీరాగండి," అన్నాడు డాక్టరు. ఆవిడనే చూస్తున్నాడు. "కేకేస్తే ఎవరూ రాలేదా? ఆ షిఫ్టుకి ఇద్దరు సిస్టర్లుండాలి. రెండో ఆవిడ ఎవరు?"

గోడ దగ్గర అతని భార్య ముందుకు వచ్చింది. ఈ సంగతి ఆమె ఇంట్లో అతనికి చెప్పలేదు.

"నేనే సార్. ఆ పూట నన్ను కింది అంతస్తుకి పంపారు. అప్పుడే కాదు, ఆ పెట్టె కొన్నప్పట్నించీ రోజూ ఎవరో ఒకర్ని పంపుతున్నారు."

"ఎందుకు?"

ఆమె మేనేజరు వైపు తిరిగింది. "అడిగాను సార్. గంట ఉందిగా, ఒక్కరు చాలు అన్నారు."

డాక్టరు చెయ్యి చాపి ఫైలు తన వైపు లాక్కున్నాడు. చుట్టిన దారం విప్పడం మొదలుపెట్టాడు.

*

ముగ్గురూ బయటికి వచ్చారు. పెద్దక్కను మళ్లీ పనిలోకి తీసుకుంటారో లేదో, ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఆవిడ సస్పెన్షన్ అలాగే ఉంది. మేనేజరుకు కూడా రాతపూర్వకంగా జవాబిమ్మన్నారు, అంతే.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు అతను భార్యతో.

"నువ్వసలే పిచ్చివాడిలా తిరుగుతున్నావు. ఆ పూట నేనక్కడ ఉండాల్సిందని నీకెలా చెప్పను? నాకు నేనే చెప్పుకోలేకపోయాను." ఆమె కళ్లు ఒత్తుకుంది. డ్యూటీకి టైమైందని వార్డు వైపు నడిచింది.

అతని ఫోన్ మోగింది. డైరెక్టరు. సాయంత్రం దాకా కూడా ఆగలేదు. చాలాసేపు కేకలేశాడు. మీ కార్డు పనిచేయదు, మీ సామాను మనిషితో పంపిస్తాం, పెట్టె వెంటనే తిరిగివ్వండి. "ఆ మేనేజరు నోటీసు పంపాడు. ఇప్పుడు అన్ని ఆసుపత్రులకీ ఈ గంటలోపే ఫోన్లు చేసి చెప్పుకోవాల్సి వస్తోంది. సంతోషమేనా మీకు?"

"అవునండీ," అన్నాడు అతను.

సంచి భుజాన వేసుకుని వదిన కోసం చూశాడు. ఆవిడ మెట్లవైపు పోలేదు. వార్డు బయట వరండాలో నడుస్తోంది. తలుపు దాటి లోపలికి పోయే హక్కు ఆవిడకింకా లేదు. తలుపు పక్క బెంచీ మీద పెద్దాయన కూతురు కూర్చుని ఉంది. రోజులుగా అక్కడే ఉంటోంది. పక్కన సంచి, నీళ్ల సీసా, మడిచిన దుప్పటి.

పెద్దక్క ఆ అమ్మాయి ముందు ఆగింది. వంగి ఏదో చెప్పింది. ఇంతదూరానికి మాటలు వినపడలేదు. చెబుతూ చెబుతూ తన కుడిచెయ్యి తన మెడమీద పెట్టి, ఒత్తి పట్టుకుని చూపించింది. ఎడమచేత్తో కిటికీ వైపు చూపించింది. ఆ అమ్మాయి చివ్వున లేచింది. చెయ్యెత్తింది, కొడుతుందేమో అనుకుని అతను రెండడుగులు వేశాడు. ఆ చెయ్యి గాలిలోనే ఆగి, కిందికి వాలిపోయింది. గోడకు తిరిగి, నుదురు గోడకు ఆనించి ఏడ్చింది. పెద్దక్క కదల్లేదు. ముట్టుకోలేదు. ఆ ఏడుపు అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడే ఉంది.

చివరికి ఆ అమ్మాయి బెంచీ మీద కూలబడింది. చాలాసేపు తలెత్తలేదు. తర్వాత, ఆవిడ వంక చూడకుండానే, పక్కనున్న సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

పెద్దక్క అక్కడ కూర్చుంది.